ఎవరి కుడి

వెంకటరాజంకు కోపం వస్తే అరవడు. పని చేస్తాడు. చేతికి అందిన పనిని పళ్ళు బిగించి చేస్తాడు. కొత్తవాడలో ఆయన మగ్గం చప్పుడును బట్టి, ఇవాళ ఈ మనిషికి ఎవరి మీదనో కోపం వచ్చిందని పక్కింటి వాళ్ళు తెలుసుకునేవారు.

జంపఖానాలు నేసే ఇల్లు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా పడుగు గోడ దాకా చాచి ఉంటుంది. ఆ చివర ఇంకొకరు నిలబడి తెగిన పోగులు ముడివేస్తారు. పెళ్ళికి ముందు అక్కడ నిలబడింది వెంకటరాజం. గుంటలో కూర్చున్నది తండ్రి. కుడి దిక్కు తెగిందని తండ్రి అంటే అది తండ్రి కుడి. నిలబడినవాడికి ఎడమ. కొత్తవాడలో ఏ ఇంట్లోనైనా ఇంతే. మగ్గానికి సొంతంగా కుడి ఎడమలు లేవు. బట్టకూ లేవు. కూర్చుని పనిచేసేవాడి చేతులే దిక్కులు. ఒకసారి వెంకటరాజం తన కుడి వైపు పోగు పట్టుకున్నాడు. తండ్రి పేక పోగు దాటించే కొయ్య నాడె విసిరాడు. కనుబొమ్మ చిట్లింది. మళ్ళీ ఆ తప్పు చేయలేదు. తండ్రి పోయాక గుంటలోకి తాను దిగాడు. ఆ రోజు నుంచి కుడి తనదైంది.

యుద్ధం వచ్చి నూలు కంట్రోలులోకి పోయింది. మగ్గం వారంలో రెండు రోజులు ఆడింది. తర్వాత నెలలో రెండు రోజులు. తర్వాత ఆగింది. గుంటలో పిల్లి ఈనింది. భార్య విమలమ్మ దాన్ని తరమబోతే వెంకటరాజం వద్దన్నాడు. ఎవరో ఒకరు వాడుకోనీ అన్నాడు.

ఆ సంవత్సరమే వేలు తెగి దవాఖానకు పోయాడు. వ్యాపారుల కమిటీ ఒకటి చందాలతో నడిపే చిన్న దవాఖాన. పదహారు మంచాలు, ఒక డాక్టరు, ఒక కంపౌండరు. కంపౌండరు రాంచందర్ మందు పూసి, కట్టు గుడ్డ కోసం లోపలికి పోయి వచ్చేలోగా వెంకటరాజం తన పంచె అంచు చింపి, ఒంటి చేత్తో, పళ్ళతో, కట్టు కట్టుకున్నాడు. రాంచందర్ ఆ ముడిని లాగి చూశాడు. ఊడలేదు.

"ఎక్కడ నేర్సినవ్?"

"పోగు ముడేసుడు రానోడు మా వాడల ఎవడుంటడు?"

"కట్లు కడతవా ఈడ?"

"జీతమిస్తరా?"

అట్లా ఆయన డ్రెస్సరు అయ్యాడు. పుండు కడగడం, కట్టు కట్టడం, ఆపరేషన్‌కు ముందు కోయబోయే చోట వెంట్రుకలు తీసి టింక్చర్ అయోడిన్ పూయడం ఆయన పనులు. చేయి తేలిక. కట్టు జారదు. రెండేళ్ళు ఎవరూ ఆయనను ఏమీ అనలేదు.

డాక్టరు చీటీ మీద ఇంగ్లీషులో రాస్తాడు. వెంకటరాజంకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. రాంచందర్ చీటీ చూసి నోటితో చెప్తాడు. ఎడమ చెయ్యి, మోచేయి పైన. కుడి తొడ, వెనుక. కుడి అంటే ఎవరి కుడి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరమూ పడలేదు. ఆ రోజుల్లో రోగి మెలకువగా ఉండగానే రంగు పూసేవారు. ఇక్కడ అని రోగి వేలే చూపేది. వెంకటరాజం ఆ వేలు ఉన్నచోట పూసేవాడు.

1945 ఎండాకాలంలో పట్నం నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. చురుకైనవాడు. ఆపరేషన్ గదిలో ఆడవాళ్ళు కత్తులు చూసి ఏడ్వడం ఆయనకు గిట్టలేదు. పక్క గదిలోనే క్లోరోఫారం ఇచ్చి, నిద్రపోయాక తెచ్చి బల్ల మీద వేయమన్నాడు. రంగు బల్ల మీదే పూయమన్నాడు. టైం కలిసివస్తుందని అన్నాడు. కలిసివచ్చింది.

సరోజన ఆ నెలలో వచ్చింది. కొత్తవాడ మనిషే. మగ్గం మీద మొగుడు రామలింగం పక్కన కూర్చుని నేసే మనిషి. ఇరవై ఆరేళ్ళు. నోరు పెద్దది. కుడి మోకాలి కింద, లోపలి వైపు, రెండు నెలలుగా సలుపు. పైకి వాపు పెద్దగా లేదు. నొక్కితే మాత్రం అరిచేది. సాయంత్రమైతే జ్వరం. ఎముక లోపల చీము ఉందని డాక్టరు అన్నాడు. ఎముకకు చిన్న రంధ్రం పెట్టి తీయాలి, ఆలస్యం చేస్తే కాలు పోతుంది, ఇంకా ఆలస్యం చేస్తే మనిషి పోతుంది అన్నాడు. అది నిజం. డాక్టరుకు జబ్బు తెలుసు.

శుక్రవారం పొద్దున ఆమెను బల్ల మీద వేశారు. డాక్టరుకు పదకొండు గంటల రైలు ఉంది. రాంచందర్ తలుపు దగ్గర నిలబడి చీటీ చదివాడు.

"కుడి కాలు. మోకాలి కింద నాలుగు వేళ్ళు. లోపలి దిక్కు."

వెంకటరాజం బల్ల చివర, ఆమె పాదాల దగ్గర నిలబడ్డాడు. తెల్లటి గుడ్డ కింద ఒళ్ళు ఆయన ముందు తల దాకా చాచి ఉంది. పనిచేసేది తాను. ఆయన చేయి కుడికి పోయింది. మోకాలి కింద నాలుగు వేళ్ళు కొలిచాడు. లోపలి వైపు చూసుకున్నాడు. నీటుగా పూశాడు. మిగతా ఒళ్ళంతా గుడ్డలు కప్పి, రంగు పూసిన చోటు మాత్రం అరచేతి వెడల్పు తెరిచి ఉంచాడు.

డాక్టరు రంగు ఉన్నచోట కోశాడు. ఎముక దాకా పోయాడు. రంధ్రం పెట్టాడు. రక్తం వచ్చింది. చీము రాలేదు. ఇంకొంచెం పెద్దది చేశాడు. రాలేదు. ఒక నిమిషం ఆగాడు. ఆ నిమిషంలో ఆయన గుడ్డ ఎత్తి రెండో కాలు చూడవచ్చు. గోడ మీది గడియారం చూశాడు. కుట్టేశాడు.

మధ్యాహ్నం ఆమెకు మెలకువ వచ్చింది. రామలింగం గంజి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. వెంకటరాజం వార్డు ఆ చివర ఎవరికో కట్టు విప్పుతున్నాడు.

"ఎవడు కోసిండు ఈ కాలు?"

వార్డంతా తిరిగి చూసింది. సరోజన లేచి కూర్చుని ఉంది. చేతిలో గంజి గ్లాసు.

"పండుకోవే. ఒర్రకు," అన్నాడు రామలింగం. "మత్తు దిగలే నీకు."

"మత్తు నీకు దిగలే. సూడు. కండ్లున్నయా? ఇది గుంజుతాన్న కాలా? గుంజేది ఇది! కట్టు కట్టింది దీనికి!"

గ్లాసు విసిరింది. అది వెంకటరాజం కాళ్ళ దగ్గర పడి దొర్లింది. ఆయన దాన్ని చూశాడు. తర్వాత ఆమె కాళ్ళను చూశాడు. తాను వార్డు చివర, ఆమె మంచానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కట్టు ఉన్న కాలు తన కుడి వైపు ఉంది.

అప్పుడు కూడా ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. రాంచందర్ దగ్గరికి పోయాడు.

"చీటీల ఏ కాలు రాసుండె?"

"కుడి. నీకు చెప్తి గదా."

"నేను కుడే పూసిన."

"ఎవరి కుడి?"

వెంకటరాజం తన కుడి చేయి ఎత్తి చూపాడు. రాంచందర్ ముఖం మాడిపోయింది. బీరువా తీసి, డాక్టర్లు వదిలిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టి, మొదటి బొమ్మ తెరిచాడు. ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బట్టలు లేవు. ముఖం ఎదుటికి. చేతులు పక్కన, అరచేతులు ముందుకు తిప్పి.

"ఎవలు ఈయన?"

"ఎవలూ కాదు. ఇట్ల నిలబడ్డట్టు అనుకొని చెప్తరు. మనిషి కూసున్నా, పండుకున్నా, తలకిందులైనా, ఇట్ల నిలబడ్డట్టే. తల దిక్కు ఎప్పుడూ పైన. కుడి ఎప్పుడూ ఆయన కుడి. సూసేటోనిది కాదు, కోసేటోనిది కాదు. ఒళ్ళు ఎవనిదైతే వానిదే కుడి."

వెంకటరాజం బొమ్మకు ఎదురుగా తన చేయి పెట్టాడు. బొమ్మ కుడి చేయి తన ఎడమకు ఉంది.

"రెండేండ్లు," అన్నాడు. "రెండేండ్ల సంది ఈ బుక్కు ఈ బీరువాల ఉన్నదా?"

"గిది గూడ చెప్పాల్నా? అందరికి ఎరుకే గదా."

"నాకెరుక లేదు."

"నువ్వు అడగలే."

"ఎరుక లేదన్న సంగతే ఎరుక లేనోడు ఎట్ల అడుగుతడు? నువ్వు నాకు ముడెట్ల వేస్తవని అడిగినవ్. కుడెక్కడని అడగలే."

రాంచందర్ పుస్తకం మూయబోయాడు. వెంకటరాజం దాని మీద చేయి పెట్టాడు.

"అన్నీ చెప్పు. ఇందుల ఉన్నవన్నీ. ఇప్పుడే."

రాంచందర్ చెప్పాడు. యాంటీరియర్ అంటే ముందు వైపు. పోస్టీరియర్ అంటే వెనుక. ఒంటిని నిలువునా రెండుగా చేసే గీత ఒకటి ఉందనుకోవాలి. దానికి దగ్గరిది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్. చేతిలో, కాలిలో మొండెం వైపుది ప్రాక్సిమల్, వేళ్ళ వైపుది డిస్టల్. వెల్లకిల పడుకుంటే సుపైన్, బోర్లా పడుకుంటే ప్రోన్. ఏ మాట వాడినా మనిషి ఎట్లా పడి ఉన్నాడన్నది లెక్కలోకి రాదు. వెంకటరాజం ఒక్కొక్క మాట విని దానికి తన మాట పెట్టుకున్నాడు. నడిమి, అంచు. మొదలు, కొస. వార్డు వెనుక గోడ మీద బొగ్గుతో ఒక మనిషిని గీసి, తెలుగులో ఆ మాటలు రాశాడు. కుడి అన్న మాటను బొమ్మ కుడి భుజం మీద రాశాడు. గోడ మీద బొగ్గు విరిగేంత గట్టిగా రాశాడు.

డాక్టరు ఆదివారం రాత్రి బండికి తిరిగివచ్చాడు. సోమవారం పొద్దున వెంకటరాజం ఆయన గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సాబ్, కోసింది మంచి కాలు. చీము కుడి కాలులనే ఉన్నది. ఆమెకు జ్వరం పెరుగుతాంది."

డాక్టరు తల ఎత్తలేదు.

"రంగు ఎవరు పూసినరు?"

"నేనే."

"తప్పు ఎవరిది?"

"నాదే. నేను పూసిన. మీరు కోసిండ్రు. చీము రానప్పుడు గుడ్డ లేపి సూడకపోతిరి."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. చిన్నవాడు. ముప్పై దాటి ఉండవు. భయపడ్డ ముఖం. అది చూసి వెంకటరాజంకు జాలి రాలేదు. ఇంకా కోపం వచ్చింది.

"ఆమెకు రెండు కాళ్ళల్ల జబ్బు ఉండె. ఎడమది ముందు తీసినం. కుడికి మాత్రలు చాలు. బస్. జావ్."

రాంచందర్‌ను పిలిచి రిజిస్టరు రాయించాడు. ఆపరేషన్ రిజిస్టరు ఎప్పుడూ తర్వాతే రాస్తారు. ఎడమ కాలు, ఎముకలో చీము, తీసివేయబడింది, రోగి స్థితి బాగుంది. శుక్రవారం చీటీ కనబడలేదు. ఇక ఆ రిజిస్టరు ప్రకారం సరోజన కుడి కాలుకు ఏ జబ్బూ లేదు.

హన్మకొండలో పెద్ద దవాఖానకు తీసుకుపోతానని రామలింగం అన్నాడు. అక్కడ చేర్చుకోవాలంటే ఇక్కడి డాక్టరు చీటీ రాయాలి. చీటీ రాస్తే ఏ కాలని రాయాలి? డాక్టరు రాయనన్నాడు. రామలింగం రెండు చేతులు జోడించి ఆ గది ముందు గంటసేపు నిలబడి వచ్చాడు.

"చేతులు దించు," అన్నాడు వెంకటరాజం. "ఎవనికి మొక్కుతానవ్? తప్పు చేసినోళ్ళం మేము."

"కోపం చేస్తె కాలు వస్తదా అన్నా?" అన్నాడు రామలింగం.

సరోజన మాత్రం చేతులు జోడించలేదు. రోజూ పొద్దున వెంకటరాజం కట్టు మార్చడానికి వస్తే జ్వరంలోనే నోరు తెరిచేది.

"రా అన్నా, రా. ఇయ్యాల ఏ కాలుకు కడతవ్? ఇంటికాడ వదినెను అడిగి వచ్చినవా?"

వార్డులో ఆడవాళ్ళు నవ్వేవారు.

"నవ్వకుండ్రే. మీ కాళ్ళు గూడ ఈయన చేతులల్లనే ఉన్నయ్."

పక్క మంచం మీది ముసలామె చిలుకమ్మకు ముంజేతి మీద గడ్డ. ఆమె మంచి చేతికి గుడ్డ పీలిక కట్టుకుని కూర్చుంది. ఎందుకని అడిగితే, "ఇది కొయ్యద్దని గుర్తు. సదువుకున్నోళ్ళకు గుర్తుంటె మంచిది," అంది. సరోజన నవ్వి నవ్వి, నవ్వు మధ్యలో కాలు పట్టుకుని పళ్ళు బిగించింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పు. ఎట్ల తప్పినవ్? నువ్వు తాగినవా?"

"తాగలే. మగ్గం కాడ కూసున్నట్టు నిలబడ్డ. నా కుడే కుడి అనుకున్న."

సరోజన తన రెండు కాళ్ళ వంక చూసుకుంది. తానూ ఆ వాడ మనిషే. తానైనా అట్లాగే అనుకునేదని ఆమెకు తెలిసినట్టుంది. దానితో కోపం తగ్గలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియని కోపం అయింది.

"నేను బట్టను గాదన్నా," అంది. "నాకు కుడి ఉన్నది."

వెంకటరాజం కట్టు ముడి వేశాడు. ఎడమ కాలు గాయం శుభ్రంగా మానుతూ ఉంది. తాను పాడుచేసిన కాలు, తన చేతి కిందే, చక్కగా మానుతూ ఉంది. కుడి కాలు మోకాలి కింద చర్మం మెరుస్తూ ఎర్రబడింది. వేలు పెట్టకముందే వేడి తగులుతోంది. బుధవారం ఆమె వెటకారం చేయలేదు. ఆయన వచ్చినట్టు కూడా గుర్తించలేదు. పేరు పెట్టి పిలిస్తే అత్తగారితో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. అత్త పోయి నాలుగేళ్ళు.

ఆ పొద్దు డాక్టరు ఇంకా రాలేదు. రిజిస్టరు రాంచందర్ బల్ల మీద ఉంది. వెంకటరాజం దాన్ని ముందుకు లాక్కున్నాడు. ప్రతి పేజీకి నంబరు, పైన కమిటీ ముద్ర. సరోజనది నూట పన్నెండో పేజీ. కింద సగం ఖాళీ.

"ఏం చేస్తానవ్?" అన్నాడు రాంచందర్.

"సిరా ఇటియ్యి."

"వెంకటరాజం, నీ నౌకరి పోతది."

"నీది పోదు. ఫికర్ చేయకు. ఇటియ్యి."

తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాడు. పైన రాసింది తప్పు. జబ్బు రోగి కుడి కాలుకు. కోసింది రోగి ఎడమ కాలు. రంగు తప్పు కాలుకు పూసింది నేను. కుడి కాలు ఇప్పటికీ కోయలేదు. తారీఖు వేసి, పేరు రాసి, కొత్తవాడ అని ఊరి పేరులా కింద రాశాడు. ఆరేది కూడా చూడకుండా రిజిస్టరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

డాక్టరుకు తెలుగు చదవడం అంతంత మాత్రం. రాంచందర్ చదివి వినిపించాడు.

"చింపేస్తా," అన్నాడు డాక్టరు.

"చింపుండ్రి. నూట పదకొండు తరువాత నూట పదమూడు ఎట్ల వచ్చిందని కమిటీ సేట్లు అడుగుతరు. వాళ్ళకు నంబర్లు మంచిగ వస్తయ్."

"నౌకర్ ఆద్మీ! నువ్వు నాకు చెప్తవా?"

"చెప్తాన. మీ పేరు రాయలే, సూడుండ్రి. నా పేరే రాసిన. ఇయ్యాల ఆ కాలుల చీము తీస్తే, కమిటీ ముందట తప్పు నాదొక్కనిదే అని నిలబడ్త. తీయకుంటే ఆమె సచ్చిపోతది. అప్పుడు ఇద్దరం నిలబడాలె."

డాక్టరు ఆయనను కొట్టడానికన్నట్టు చేయి ఎత్తాడు. వెంకటరాజం కదల్లేదు. కొడితే బాగుండును అనిపించింది. తిరిగి కొట్టడానికి కారణం దొరికేది. డాక్టరు చేయి దించి, ఆ చేత్తోనే టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీళ్ళు మరగబెట్టండి," అన్నాడు.

ఆ రోజు మత్తు ఇవ్వకముందే ఆమెను బల్ల మీదికి తెచ్చారు. వెంకటరాజం డాక్టరును అడగలేదు, తెచ్చాడు. సరోజన చెంప మీద తట్టి, నొప్పి ఎక్కడో వేలు పెట్టమన్నాడు. ఆమె కళ్ళు తెరిచింది. కత్తులు చూసింది, ఏడ్వలేదు. వేలు తీసుకుపోయి పెట్టింది. వెంకటరాజం గట్టిగా, గదిలో అందరికీ వినబడేలా చెప్పాడు.

"కుడి కాలు. ఈమె కుడి. మోకాలి కింద, మొదలు దిక్కు. నడిమి వైపు. ముందు."

డాక్టరు కూడా వంగి, తన చేయి పెట్టి చూశాడు. శుక్రవారం చేయవలసిన పని అది. దానికి ఎంత సేపు పట్టిందో వెంకటరాజం లెక్కపెట్టాడు. మూడు ఊపిరులు.

చీము వచ్చింది. ఆ వాసనకు రాంచందర్ బయటికి పోయాడు. వెంకటరాజం గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. గిన్నె నిండుతుంటే ఆయనకు సంతోషం కలగలేదు. ఇది అయిదు రోజులు ఆమె లోపల ఎందుకు ఉండాలి? ఒక రైలు కోసం. ఒక పుస్తకం బీరువాలో ఉన్నందుకు. ఒక మగ్గం గుంటలో తాను నేర్చిన చదువుకు. గిన్నె అంచు ఆయన వేళ్ళలో దిగబడింది.

కమిటీ శనివారం కూర్చుంది. నలుగురు వ్యాపారులు. అందులో పెద్దాయన మిర్చి మండీ వీరభద్రం. నూట పన్నెండో పేజీ చదివించుకుని, డాక్టరును ఏమీ అడగలేదు. మూర్ఖుడికి బాధ్యత గల పని ఇవ్వడం మన తప్పే అన్నాడు. మిగతా ముగ్గురూ తలలు ఊపారు. వెంకటరాజం ఇచ్చిన మాట ప్రకారం నిలబడ్డాడు. తప్పు నాదే అన్నాడు. ఒక్క మాట మాత్రం అదనంగా అన్నాడు.

"కొత్తగ వచ్చేటోనికి ముందుగాల కుడేదో చెప్పుండ్రి."

వాళ్ళు నవ్వారు. ఈ మాత్రం తెలియని వాడు ఇంకొకడు దొరుకుతాడా అన్నారు. గోడ మీది బొగ్గు బొమ్మ మీద మరునాడే సున్నం కొట్టించారు.

ఇంట్లో విమలమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"తప్పు నీదొక్కనిదేనా?"

"కాదు."

"మరి నీ పేరొక్కటే ఎందుకు రాసినవ్?"

"ఇద్దరి పేర్లు రాస్తే ఆమె కాలు పోతుండె."

"డాక్టరు మంచిగనే ఉన్నడా?"

"మంచిగనే ఉన్నడు. బదిలీ అడిగిండట. ఇంకా పెద్ద దవాఖానకు."

విమలమ్మ కంచంలో ఇంకొంచెం చారు పోసింది. ఆయన తినలేదు. లేచి గుంటలోకి దిగి, నూలు లేని మగ్గం తొక్కాడు. వట్టి పలకలు టకటక కొట్టుకున్నాయి. పక్కింటి వాళ్ళు విన్నారు.

వాడలో కొందరు ఆయనతో మాట్లాడడం మానేశారు. మన పిల్లనే కోయించిండు అన్నారు. కొందరు పొగడడానికి వచ్చారు. పొగిడిన వాళ్ళనే ఆయన ఎక్కువ కసిరి పంపాడు. రామలింగం ఒకరోజు రెండు సేర్ల జొన్నలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. వెంకటరాజం ఆ మూటను అతని భుజం మీద తిరిగి పెట్టి, తిప్పి, వీధిలోకి నెట్టాడు.

సరోజన రెండు నెలల తర్వాత వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు. చేతిలో వెదురు కర్ర. ఒక్కతే వచ్చింది. వెంకటరాజం లేచి పీట వేశాడు. ఆమె కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని, ఇల్లంతా ఒకసారి చూసి, ఆయనను చూసింది.

"ఎడమది ఎముకకు తూటు పడ్డది గదా, అది గట్టిపడలే. ఈడ్సుడే అంటాండ్రు. మగ్గం తొక్కాలంటే ఒక్క కాలే."

"ఎరుకే."

"నువ్వు రాసిన కాయిదం ముచ్చట ఆయన చెప్పిండు. అందరు గొప్ప అంటాండ్రు."

వెంకటరాజం పీటను గోడ పక్కకు జరిపాడు.

"నేను మాఫ్ చెయ్య."

"వద్దు."

"మొక్కుతవేమో అనుకున్న."

"మొక్క."

"డాక్టరును గూడ మాఫ్ చెయ్య. ఆ కంపౌండరును గూడ. ఆ బీరువను గూడ."

"నేను గూడ చెయ్య."

ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. అందులో స్నేహం లేదు. కానీ ఆమె చూపు మరలలేదు. ఆయన మీద ఆయనకూ తనకూ ఒకే కోపం ఉన్నట్టుగా ఉంది ఆ చూపు. విమలమ్మ మంచినీళ్ళు తెచ్చింది. సరోజన నిలబడే తాగి, చెంబు ఇచ్చేసి, వెనుదిరిగింది.

అరుగుకు మూడు మెట్లు. వెంకటరాజం పట్టుకోవడానికి ఒక అడుగు వేశాడు. ఆమె కర్ర అడ్డం పెట్టింది. కుడి కాలు కింది మెట్టు మీద పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. కాలు వణికింది. నిలిచింది. ఎడమ కాలును తర్వాత లాక్కుంది. అట్లా మూడు మెట్లూ దిగి, ఎండలోకి నడిచిపోయింది.